బాబు బతికిన సంగతి ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

ప్రశ్న: వందనాలు అక్కా. మాది గుణుపూర్. ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను, బ్లౌజులు, ఫాల్, పీకో అన్నీ. మా ఆయన ఆటో నడుపుతారు. కిందటేడు వానల్లో మా ఏడేళ్ళ బాబుకి జ్వరమొచ్చి, ఫిట్స్ వచ్చి స్పృహ పోయింది. మెదడు మలేరియా అన్నారు, ఇక్కడ్నుంచి పెద్దాసుపత్రికి పంపారు, నాలుగో రోజు కళ్ళు తెరిచాడు. దేవుడు చేసిన మేలని మందిరంలో సాక్ష్యం చెప్పాను. అప్పట్నుంచి ఉపవాస ప్రార్థనైనా, కాటేజ్ మీటింగైనా, పక్కూరి కూడికైనా నన్నే లేపి నిలబెడుతున్నారు. చెప్పగా చెప్పగా అందులో కొన్ని మాటలు చేరిపోయాయి. డాక్టర్లు చేతులెత్తేశారని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అందరూ అదే అంటున్నారు, నేను కాదనట్లేదు. ఎవరో వీడియో తీసి బాబు ఫోటో పెట్టి యూట్యూబ్‌లో వేశారు, స్కూల్లో వాడిని చచ్చి బతికినోడు అంటున్నారట. ఇంకో బాధ ఏటంటే, అదే నెలలో మా సంఘంలో ఒక అక్క వాళ్ళ పాప అదే జ్వరంతో పోయింది. నేను సాక్ష్యం చెప్తుంటే ఆవిడ లేచి బయటికి వెళ్ళిపోయేది, ఇప్పుడు మందిరానికే రావట్లేదు. బాబు సంగతి తర్వాత నా జీవితంలో పెద్దగా చెప్పుకునేదేం లేదు, దేవుడు నా దగ్గర పని ఆపేశాడా అనిపిస్తుంది. కుట్టు మిషన్ దగ్గరికొచ్చేవాళ్ళు బాబు గురించి అడుగుతారు, చెప్పాలని ఉంటుంది, మా ఆయన మాత్రం నోరు మూసుకో, మతం మారుస్తున్నారని ఎవరైనా కేసు పెడితే మన గతేంటి అంటారు. చెప్పకపోతే దేవుడికి ద్రోహం చేసినట్టా అక్కా?

జవాబు:

చెల్లీ, వందనాలు. ముందు బాబు సంగతి చెప్పండి. చదువు పట్టుబడుతోందా, మధ్యలో మళ్ళీ ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, మాట తడబడుతోందా, చెప్పింది మర్చిపోతున్నాడా? నేను పిల్లల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను కాబట్టి అడుగుతున్నాను, మెదడు మలేరియా నుంచి బయటపడ్డ పిల్లల్లో కొందరికి తర్వాత కొన్నాళ్ళకి ఇలాంటివి కనబడతాయి. అందరికీ రావు, కానీ ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి. దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పేశాం, మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే జనం ఏమనుకుంటారో అని ఆగిపోకండి, అలా ఆగిపోయిన తల్లుల్ని చూశాను కాబట్టే ఈ మాట ముందు పెట్టాను.

ఇప్పుడు మీరు అడిగింది, చెప్పకపోతే ద్రోహమా అని. మార్కు సువార్త 5వ అధ్యాయం మీకు తెలిసిందే, ఈసారి మొదట్నుంచి చివరిదాకా ఆపకుండా ఒకేసారి చదవండి. మొదట్లో సమాధుల్లో తిరిగేవాడు ఒకడు బాగుపడతాడు, నీతోపాటే వస్తాను ప్రభువా అని బతిమాలతాడు, ప్రభువు వద్దంటాడు, మీ ఇంటికెళ్ళి నీకు జరిగిన మేలు మీ వాళ్ళకి చెప్పు అంటాడు. అదే అధ్యాయం చివర్లో యాయీరు కూతురు, పన్నెండేళ్ళ పిల్ల, పోయింది అనుకున్న పిల్ల లేచి నడుస్తుంది. మరి అక్కడ? ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు అని గట్టిగా చెప్పి, పిల్లకి తినడానికేదైనా పెట్టండి అన్నాడు. ప్రభువు ఒక్కడే, అధ్యాయం ఒక్కటే, ఒకడికి వెళ్ళి చెప్పమన్నాడు, బిడ్డ దక్కిన అమ్మానాన్నలకి మాత్రం చెప్పొద్దన్నాడు. దీనికి బోధకులు రకరకాల కారణాలు చెప్తారు, నాకు మాత్రం ఆ ఇంటి గుమ్మం కనబడుతుంది, బయట అంత జనం, అంత గోల, లోపల ఆకలేస్తున్న చిన్నపిల్ల. ఆ పూటకి పిల్లకి కావాల్సింది అన్నం, జనం కాదు. కాబట్టి ప్రతి చోటా, అడిగిన ప్రతిసారీ లేచి చెప్పకపోతే ద్రోహం అని ఎవరన్నా మీరు భయపడక్కర్లేదు. ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంత అన్నది చూసుకోమని ప్రభువే చూపించాడు. మీకు జరిగింది మీదే, అది చెప్పే హక్కూ మీదే, ఆగే హక్కూ మీదే.

ఇక ఆ చేతులెత్తేశారన్న మాట. మన సాక్ష్యాల్లో ఇది ఎంత అలవాటైపోయిందంటే, అది లేకపోతే సాక్ష్యం పూర్తి కాదేమో అన్నట్టు తయారైంది. నిజంగా చేతులెత్తేసిన డాక్టర్లు లేరని అనను, కానీ మీ బాబు విషయంలో మీరే రాశారు అలా జరగలేదని. మరి ఏం జరిగింది? నాకు తెలిసినంతలో మలేరియా పిల్లలకి జరిగేది చెప్తాను, మీరు పోల్చుకోండి. వేలి మీద సూదితో గుచ్చి కిట్‌లో ఒక చుక్క రక్తం వేసి చూస్తారు, ఫాల్సిపారం, అంటే మలేరియాలో ప్రమాదకరమైన రకం అని తేలితే, పిల్ల స్పృహలో లేకపోతే ఆర్టిసునేట్ ఇంజక్షన్ మొదలుపెడతారు, మొదటిది వెంటనే, తర్వాత పన్నెండు గంటలకి, మళ్ళీ ఇరవైనాలుగు గంటలకి. సుగర్ పడిపోతుందేమో అని మాటిమాటికీ చూస్తారు, ఎందుకంటే ఈ జ్వరంలో పిల్లలు సుగర్ పడిపోయి కూడా పోతారు. ఫిట్స్‌కి వేరే మందు. రాత్రంతా ఒక సిస్టర్ వచ్చి పిల్లాడిని పక్కకి తిప్పి పడుకోబెడుతుంది, నోట్లో చొంగ ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఆ సిస్టర్‌కి కూడా ఇంట్లో పిల్లలుంటారు. ఈ పనంతా చేసినవాళ్ళని ఒక్క మాటతో చేతులెత్తేశారు అని తీసిపారేస్తే, దేవుడి మహిమ పెరగదు చెల్లీ, దేవుడు వాడుకున్న చేతుల్ని అబద్ధం చేసినట్టవుతుంది.

మీ రాయగడ జిల్లా, మా గజపతి జిల్లా, పక్కన కోరాపుట్, ఇవన్నీ మలేరియా కొండలు, అది మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నదే. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టి, దూరపు ఊళ్ళల్లో జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేసి మందులిచ్చుకుంటూ వచ్చింది, దోమతెరలు పంచింది. ఆశా దీదీలు వాగులు దాటి వెళ్తారు. మన ప్రార్థనకి జవాబు ఈ దారిలో వస్తే అది చిన్న జవాబా? మా దగ్గర సెరంగోలో కెనడా బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఆసుపత్రి పెట్టారు, అక్కడ పనిచేసినవాళ్ళు ప్రార్థన చేసేవాళ్ళూ, సూది వేసేవాళ్ళూ, ఒకటి రెండోదానికి అడ్డమని వాళ్ళకెప్పుడూ అనిపించలేదు. మనకెందుకు అనిపించాలి?

యోబు తన స్నేహితుల్ని ఒక మాట అడుగుతాడు, 13వ అధ్యాయంలో, దేవుడి తరఫున అన్యాయంగా మాట్లాడతారా, ఆయన కోసం మోసపు మాటలు చెప్తారా అని. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. దేవుడి కోసమే కదా అని కలిపిన మాట కూడా కలిపిన మాటే. యోహాను 9లో పుట్టు గుడ్డివాడిని చూడండి, పెద్దలు పిలిచి ఎన్ని రకాలుగా గుచ్చి అడిగినా, నన్ను బాగుచేసినాయన పాపో కాదో నాకు తెలీదు, నేను గుడ్డివాడిని, ఇప్పుడు చూస్తున్నాను, అంతే అన్నాడు. తెలిసింది చెప్పాడు, తెలియంది తెలీదన్నాడు, అందుకే వాడి మాటని ఎవరూ పడగొట్టలేకపోయారు.

అందుకని ఒక పని చెయ్యండి. కొలతలు రాసుకునే నోట్‌బుక్‌లో వెనక పేజీ తిప్పి, బాబుకి జ్వరం వచ్చిన రోజు నుంచి ఇంటికొచ్చిన రోజు వరకు మీరు కళ్ళతో చూసింది మాత్రం రాయండి. ఎవరో చెప్పింది వద్దు, తర్వాత అర్థమైంది వద్దు. కత్తిరించి, కలిపి కుట్టి అందంగా చెయ్యాలన్న ఆలోచన కూడా వద్దు, చూసింది చూసినట్టే. మా ఆయనా నేనూ వార్డు బయట వరండాలో కూర్చుని ఏడ్చాం, నాకు ప్రార్థనలో మాట కూడా రాలేదు, ప్రభువా ప్రభువా అనడమే, ఒక ముసలాయన ఎవరో టీ తెచ్చిచ్చాడు, సిస్టర్ రాత్రంతా తిరుగుతూనే ఉంది, నాలుగో రోజు పొద్దున్న బాబు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగాడు, నేను దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. నేను ఊహించి రాశాను, మీది మీరు రాయండి, కానీ ఇంతే ఉంటుంది, ఇంత ఉంటే చాలు. ఇకముందు ఎక్కడ లేపినా ఆ పేజీలో ఉన్నదే చెప్పండి. ఎవరైనా మధ్యలో డాక్టర్లు చేతులెత్తేశారు కదమ్మా అని అందిస్తే, లేదండీ, వాళ్ళు చాలా కష్టపడ్డారు అనండి. ఆ ఒక్క మాట చాలు, మీ మనసులో ఇన్నాళ్ళుగా గుచ్చుకుంటున్నది పోతుంది.

ఇప్పుడు ఆ అక్క. మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఇదే.

ఆవిడ ఎందుకు లేచి వెళ్ళిపోయిందో మీకు తెలుసు, తెలుసు కాబట్టే నాకు రాశారు. మీరు దేవుడు నా ప్రార్థన విన్నాడు అని చెప్పిన ప్రతిసారీ ఆవిడకి వినబడేది నీ ప్రార్థన వినలేదు అని. మీరు అలా అనలేదు, మీ మనసులో అలాంటిదేం లేదు, అయినా ఆ చోట కూర్చున్న తల్లికి ఇంకోలా వినబడదు. పైగా మన కూడికల్లో వెంటనే ఇంకెవరో లేచి, విశ్వాసంతో అడిగితే దేవుడు ఇవ్వకుండా ఉండడు అని ఒక ముక్క తగిలిస్తారు కదా, అది ఆవిడ మెడకి చుట్టుకుంటుంది. నా విశ్వాసం చాలక నా పాప పోయిందా అని. ఒక నర్సుగా ఒక మాట ఖచ్చితంగా చెప్పగలను, మెదడు మలేరియా వచ్చిన పిల్లలకి మంచి వైద్యం సమయానికి అందినా కూడా వందలో పదిహేను ఇరవై మంది దక్కరు. అదే ఇంజక్షన్, అదే సిస్టర్, అదే ప్రార్థన. ఆ తల్లి తప్పు అందులో ఏమీ లేదు. ఈ మాట ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో నాకు అనుమానమే.

అపొస్తలుల కార్యములు 12 తెరవండి. హేరోదు యాకోబుని కత్తితో చంపించాడు. తర్వాత పేతురుని జైల్లో పెట్టాడు, దూత వచ్చి విడిపించాడు. యాకోబు కోసం సంఘం ప్రార్థన చెయ్యలేదా? చేసే ఉంటారు, ఆయన అమ్మ కూడా ఉండే ఉంటుంది. పేతురు ఆ రాత్రి మరియమ్మ ఇంటి తలుపు కొట్టి లోపలికొచ్చి చెయ్యి ఊపి, ప్రభువు నన్ను ఎలా బయటికి తెచ్చాడో వివరించాడు. ఆ గదిలో యాకోబు కోసం ఏడుస్తున్నవాళ్ళు ఉండి ఉండరా? లూకా ఈ రెండూ ఒకే అధ్యాయంలో పక్కపక్కనే రాశాడు, ఎందుకు ఒకరు, ఎందుకు మరొకరు కాదు అని ఒక్క వాక్యం కూడా కలపలేదు. పేతురు విశ్వాసం గొప్పది అనలేదు, యాకోబుకి ఏదో తక్కువైంది అనలేదు. మన సాక్ష్యం కూడా అలాగే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, జరిగింది చెప్పాలి, ఎందుకు అన్నది మన చేతిలో లేనిది కాబట్టి దాని జోలికి పోకూడదు.

మన దగ్గర ఇది ఊరంతా చూసిన సందర్భం ఒకటుంది. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, శ్రీకాకుళంలో కొబ్బరీ జీడీ నేలమట్టం అయ్యాయి, తర్వాత ఆ వాన మా గజపతి కొండల మీద పడింది, కొండచరియలు విరిగి జనం పోయారు. ఆ తర్వాతి ఆదివారాలు మా చుట్టుపక్కల మందిరాల్లో సాక్ష్యాలే సాక్ష్యాలు, మా రేకులు లేవలేదు, మా గోడ పడలేదు, దేవుడు కాపాడాడు. నిజమే, కృతజ్ఞత చెప్పాలి. కానీ ఆ కొండ మీద పోయినవాళ్ళలో ప్రార్థన చేసుకునేవాళ్ళు లేరా? మా జిల్లా కొండ ఊళ్ళల్లో సవర విశ్వాసుల ఇళ్ళు ఎన్ని! అప్పుడు ఒక పెద్దావిడ లేచి, మా ఇల్లు నిలబడింది, స్తోత్రం, ఇల్లు పోయినవాళ్ళు ఇద్దరు మా ఇంట్లో ఉన్నారు, వాళ్ళకి బట్టలు కావాలి అని చెప్పి కూర్చుంది. నేను విన్న సాక్ష్యాల్లో అంత నిండైనది ఇంకోటి లేదు. తనకి మిగిలినదాన్ని చెప్తూ, పోగొట్టుకున్నవాళ్ళని కూడా అదే మాటలో పక్కన కూర్చోబెట్టుకుంది.

మీరు ఆ అక్క ఇంటికి వెళ్ళండి. మందిరానికి రమ్మని పిలవడానికి కాదు, ఊరికే వెళ్ళండి. మొదటిసారి బాబుని తీసుకెళ్ళొద్దు. పోయిన పాపని పేరు పెట్టి పిలవండి, చుట్టూ ఉన్నవాళ్ళు బాధ గుర్తొస్తుందని ఆ పేరే ఎత్తడం మానేస్తారు, తల్లికి మాత్రం ఆ పేరు వినాలనే ఉంటుంది. దేవుడు తన తోటలోకి పువ్వుని కోసుకున్నాడు లాంటి మాటలు అనకండి, దీనివెనక దేవుడి ఉద్దేశం ఏదో ఉంటుంది అని కూడా వద్దు. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నేల మీద ఆయన పక్కన ఊరికే కూర్చున్నారు, అంతవరకు వాళ్ళు బాగానే ఉన్నారు, నోరు విప్పాకే చెడగొట్టారు. మీకు చెప్పాలనిపిస్తే ఒక్కటి చెప్పండి, అక్కా, నేను మందిరంలో చెప్పినప్పుడు నీ గురించి ఆలోచించకుండా చెప్పేశాను, నన్ను చూస్తే నీకు ఎంత కష్టంగా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది అని. ఆవిడ కోప్పడితే పడనివ్వండి. తలుపు తియ్యకపోతే మళ్ళీ ఇంకో రోజు వెళ్ళండి. ఆవిడ మళ్ళీ మందిరానికి వచ్చి కూర్చునేదాకా బాబు సాక్ష్యం ఆ మందిరంలో చెప్పకండి, ఇది నా సలహా, మీ సంఘంలో ఎవరైనా దీన్ని తప్పు పట్టినా సరే. సంతోషించేవాళ్ళతో సంతోషించండి, ఏడ్చేవాళ్ళతో ఏడవండి అన్న వాక్యంలో రెండో సగం కూడా వాక్యమే కదా.

ఇక మీ దగ్గర దేవుడు పని ఆపేశాడా అన్న సంగతి. మీరు కుట్టుపని చేస్తారు కాబట్టి మీకు ద్వితీయోపదేశకాండం 29వ అధ్యాయం 5వ వచనం చూపిస్తాను. నలభై ఏళ్ళు అరణ్యంలో నడిపించాను, మీ ఒంటి మీద బట్టలు పాతబడలేదు, కాళ్ళకి చెప్పులు అరగలేదు అంటాడు దేవుడు. ఎర్రసముద్రం పాయలైంది ఒక్క రాత్రి, అది పాటలు కట్టి పాడుకున్నారు. బట్ట చిరగకపోవడం మాత్రం నలభై ఏళ్ళు ప్రతిరోజూ జరిగింది, ఏ ఒక్క రోజూ ఎవరూ లేచి, ఇవాళ నా పైట చిరగలేదు స్తోత్రం అని చెప్పి ఉండరు. బట్ట ఎలా నలుగుతుందో, చంక దగ్గర ఎలా పిగులుతుందో, ఉతికే కొద్దీ కుట్టు ఎలా వదులవుతుందో మీకు తెలిసినంత మాకు తెలీదు, కాబట్టి ఆ వచనం ఎంత పెద్దదో మీకే బాగా తెలియాలి.

మెదడు మలేరియా లాంటిది ప్రతి ఏడూ రావాలని, వస్తే దాన్లోంచి తప్పించి సాక్ష్యం ఇవ్వాలని కోరుకుంటామా? పెద్ద సాక్ష్యం లేని ఏడాది అంటే ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న ఏడాది. సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు మీకు ఆ వారం ఏం కనబడిందో అదే చెప్పండి, మా ఆయన ఆటోకి గిరాకీ లేని రోజున పాత బాకీ ఒకరు తెచ్చిచ్చారు, అత్తగారితో మాట పెరగబోయి ఆగింది, కరెంటు పోకముందే పెళ్ళి బ్లౌజులు అయిపోయాయి. వినేవాళ్ళు ఆ, ఇదేం సాక్ష్యం అనుకోవచ్చు, అనుకోనివ్వండి, ఆ వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళలో సగంమంది జీవితం ఇదే, వాళ్ళకి ధైర్యం వస్తుంది. చెప్పడానికి ఏమీ లేని వారమైతే లేదని కూర్చోండి. జవాబు రాని ప్రార్థన ఉంటే అదీ చెప్పొచ్చు, దీని కోసం అడుగుతున్నాను, ఇంకా రాలేదు, మీరూ ప్రార్థించండి అని. 88వ కీర్తన మొత్తం మొరే, చివరి మాట వరకు చీకటే, అయినా అది కీర్తనల్లోనే ఉంది, ఎవరూ తీసేయలేదు.

మీ మిషన్ దగ్గరికొచ్చేవాళ్ళ సంగతి. ఒడియా ఆవిడ బ్లౌజు కొలతలిస్తూ పుఅ కెమితి అఛి, బాబు ఎలా ఉన్నాడు అని అడిగితే, బాగున్నాడండీ, డాక్టర్లు బాగా చూశారు, మేం యేసుప్రభువుకి ప్రార్థన చేసుకున్నాం, దేవుడు మాకు బాబుని మళ్ళీ ఇచ్చాడు అనండి. అంతే, టేపు మళ్ళీ చేతిలోకి తీసుకోండి. ఆవిడ ఇంకా అడిగితే ఇంకా చెప్పండి, అడక్కపోతే భుజం కొలత రాసుకోండి. పేతురు పత్రికలో ఉన్నది కూడా ఇదే, మీ నిరీక్షణ గురించి అడిగినవాళ్ళకి సాత్వికంగా, భయంతో జవాబు చెప్పమన్నాడు, అడిగినవాళ్ళకి అన్నాడు. ఆవిడ తన ఠాకురాణి అమ్మవారికి మొక్కుకున్నానని చెప్తే అదీ వినండి, మధ్యలో అడ్డుపడకండి, మీ బాబు కోసం ఆవిడ కూడా దణ్ణం పెట్టుకుని ఉండొచ్చు. ఇంకొకటి, ఒడియా వాళ్ళ రజ పండక్కి ఇస్తానన్న బ్లౌజు పండక్కి ముందే ఇవ్వడం, మిగిలిన గుడ్డముక్క అడక్కుండానే తిరిగివ్వడం, ఇవి కూడా ఆవిడ చూస్తూనే ఉంటుంది, మీ నోటి మాట కంటే ముందు అదే చూస్తుంది.

మీ ఆయన భయం ఉత్త భయం కాదు, ఆయన్ని విశ్వాసం లేనివాడని అనకండి. ఒడిశాలో 1967లోనే మతస్వేచ్ఛ చట్టం అని ఒకటి వచ్చింది, బలవంతంగా, ఆశ చూపించి, మోసంతో మతం మార్చడం నేరం అంటుంది. ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనర్, ఆడవాళ్ళు, ఎస్సీ ఎస్టీల విషయంలో అయితే రెండేళ్ళు, 10,000 వరకు. హైకోర్టు ఒకప్పుడు దీన్ని కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది, తన మతం గురించి చెప్పుకునే, వివరించే హక్కు రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది, అవతలి మనిషిని మార్చే హక్కు మాత్రం అందులో లేదు అని చెప్పింది. కాబట్టి మీ బాబుకి జరిగింది మీరు చెప్పుకోవడం నేరం కాదు. కానీ ఆ చట్టంలో బలవంతం అన్నదానికి అర్థం రాసినచోట దేవుడి ఆగ్రహం తగులుతుందని బెదిరించడం కూడా ఉంది, ఆశ చూపించడంలో డబ్బైనా వస్తువైనా కానుకలన్నీ వస్తాయి. అంటే మీరు మా దేవుణ్ణి నమ్మకపోతే మీ పిల్లలకీ ఇలాగే జ్వరాలొస్తాయి అన్నారనుకోండి, మందిరానికి వస్తే కుట్టుకూలి తీసుకోను అన్నారనుకోండి, అది చట్టం దృష్టిలో వేరే సంగతి. ఆ మాటలు చట్టం లేకపోయినా అనకూడనివే, ప్రభువు ఎవరినీ అలా పిలవలేదు. ఇది మీ ఆయనకి చదివి వినిపించండి, ఎంతవరకు అన్నది ఇద్దరూ కలిసి అనుకోండి, ఆటోస్టాండులో నలుగురితో ఉండేది ఆయన, గాలి ఎటుందో ఆయనకి తెలుస్తుంది. ఊళ్ళో వాతావరణం బాగోలేదు, కొన్నాళ్ళు ఊరుకుందాం అని ఆయన అంటే ఊరుకోండి, అందులో తప్పులేదు. ఒకవేళ ఎవరైనా వచ్చి గట్టిగా ప్రశ్నలడిగితే వాదించకండి, ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకండి, పాస్టర్ గారికి, మీకు తెలిసిన లాయర్‌కి చెప్పి వాళ్ళతో వెళ్ళండి.

చివరగా వీడియో. వాడికి ఏడేళ్ళు, వాడిని అడిగి ఎవరూ తియ్యలేదు. పదిహేనేళ్ళు వచ్చాక వాడు దీన్ని తన నోటితో చెప్పుకుంటాడో, అసలు చెప్పుకోవాలనే అనుకోడో, అది వాడిది. స్కూల్లో పిల్లలు పెట్టిన పేరు ఇప్పటికే వాడికి తగులుతోంది కాబట్టే మీ చెవిన పడింది. ఇంట్లో కూడా అల్లరి చేసినప్పుడు, దేవుడు నిన్ను బతికించాడు నువ్వేమో ఇలా చేస్తున్నావ్ అని అనకండి, ఆ అప్పు మోయడం చిన్నపిల్లల వల్ల కాదు. వీడియో పెట్టినవాళ్ళు ఎవరో కనుక్కుని మర్యాదగా అడిగి తీయించండి, తియ్యనంటే యూట్యూబ్‌లోనే పిల్లల వీడియో మీద తల్లిదండ్రులు కంప్లైంట్ పెట్టే దారి ఉంది, మీ సంఘంలో ఫోన్ బాగా తెలిసిన కుర్రాళ్ళని ఎవర్నైనా అడిగితే చేసిపెడతారు. పాస్టర్ గారితో మాత్రం ఆదివారం ఆరాధన తర్వాత జనం మధ్యలో కాదు, వారం మధ్యలో ఒకరోజు మీరిద్దరూ వెళ్ళి మాట్లాడండి. మూడు సంగతులు చెప్పండి, ఇకనుంచి నన్ను పిలిచేముందు నన్ను అడగండి అని, చేతులెత్తేశారన్న మాట నిజం కాదు అని, ఆ అక్క కోసం మనం ఏం చేద్దాం అని. మూడోదానికి ఎక్కువ సమయం అడగండి. మొదటిది ఆయనకి కాస్త నచ్చకపోవచ్చు, అప్పుడు పాస్టరమ్మ గారితో చెప్పించండి. వీడియో పని మాత్రం ఈ వారమే చూడండి, బడిలో వేసవి సెలవులు ఇచ్చేలోపు ఆ పేరు వాడిమీద నుంచి పోవాలి.